ముందు నోటు, వెనక దుకాణం

"నోటు మీద నంబరు ఎంతుందో చూసి చెప్పండి మాస్టారూ" అన్నాను ఫోన్లో.

ఆయన కళ్లజోడు కోసం బల్ల మీద తడుముకుంటున్న చప్పుడు వినిపించింది. అంతసేపు ఆగలేక నేనే అనేశాను. "ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది, నాలుగు. అదేనా?"

అవతల కాసేపు మాట లేదు. "నీకెలా తెలిసిందయ్యా?" అన్నారు.

హైస్కూల్లో నాకు సోషల్ చెప్పిన మాస్టారాయన. వాళ్లమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ శనివారాలు జరిగే పాతసామాన్ల సంతలో ఓ కవరు కొని, ఊరికొస్తున్న వాళ్ల చేత నాన్నగారికి పంపింది. అందులో మూడు పాత నోట్లు. మొదటిది వెయ్యి డాలర్లది. బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్, ఫిలడెల్ఫియా, 1840 డిసెంబర్ 15 అని ఉంది. కాగితం పసుపు తిరిగి, వేలితో తాకితే అప్పడంలా చిటపటలాడుతోందట. రెండోది అమెరికా అంతర్యుద్ధం నాటి దక్షిణాది నోటు. అదీ అలాంటి కాగితమే. ఈ రెండింటి మీదే ఆయనకు ఆశ. మనవడి చదువుకేమైనా అక్కరకొస్తాయేమోనని.

ఆ నంబరు నాకు తెలియడంలో గొప్పేమీ లేదు. ఆ బ్యాంకు పేరుతో, ఆ తేదీతో, అలాంటి చిటపటలాడే కాగితం మీద వెయ్యి డాలర్ల నోటు లోకంలో ఎవరి దగ్గరున్నా దాని మీద నంబరు 8894 అనే ఉంటుంది. అసలు నోట్లయితే ఒక్కోదానికీ ఒక్కో నంబరు ఉండాలి. ఒకే అచ్చుపలక మీద నుంచి లెక్కలేనన్ని దిగిన జ్ఞాపికలకు మాత్రం ఒకటే నంబరు. పాతనోట్ల సంగతి తెలిసిన ప్రతివాడికీ ఈ నంబరు కంఠతా వచ్చు. నెమ్మదిగా చెప్పాను. ఆయన నిరాశ పడ్డారు కానీ, గొంతులో తెలియనివ్వలేదు.

"మూడోది మరీ నాసిగా ఉందయ్యా. ఒకవైపు నోటులా ఉంది. రెండోవైపంతా ఏదో దుకాణం గోల. అదీ పారేసేదేనా?"

"దాన్ని మాత్రం పారెయ్యకండి మాస్టారూ. ఆదివారం తీరిగ్గా చూద్దాం" అన్నాను.

ఈ కథనం ఆ మూడో కాగితం గురించి. నోటులా కనిపిస్తూ, డబ్బు కాకుండా, ఎవరి సరుకునో ఎవరి కొట్టునో నలుగురికీ చాటడానికి అచ్చయిన కాగితాల గురించి. ఇంగ్లీషువాళ్లు వీటిని అడ్వర్టైజింగ్ నోట్లు అంటారు. మనం ప్రకటన నోట్లు అనుకుందాం. చూసేవాళ్లంతా వాటి ముందువైపున్న అంకె చూసి మోసపోతారు, లేదా విసుక్కుంటారు. నేను ఇన్నేళ్లుగా చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, వీటి విలువ ఎప్పుడూ వెనకవైపే ఉంటుంది.

ఒకే వీధిలో రెండు నకళ్లు

ఫిలడెల్ఫియాలో చెస్ట్‌నట్ స్ట్రీట్ అని ఓ పాత వీధి ఉంది. 420 నంబరులో గ్రీకు దేవాలయంలాంటి తెల్లరాతి కట్టడం కనిపిస్తుంది. విలియం స్ట్రిక్‌లాండ్ గీసిన నమూనాతో 1824లో పూర్తయింది. మాస్టారి నోటు మీద పేరున్న బ్యాంకు అక్కడే ఉండేది. 1816లో కేంద్రం ఇచ్చిన అనుమతి 1836లో ముగిసిపోతే, పెన్సిల్వేనియా రాష్ట్రం అనుమతితో మరికొన్నేళ్లు నడిచి, 1841లో కూలిపోయింది. అంటే 1840 డిసెంబర్ నాటికి ఆ బ్యాంకుకి ఇక మిగిలింది కొద్ది నెలలే. అలాంటి బ్యాంకు నోటుని వందేళ్లు దాటాక, పాతకాగితంలా కనిపించే రంగు వేసి, జ్ఞాపికలుగా గుట్టలుగుట్టలు అచ్చు వేశారు.

అదే వీధిలో, రోడ్డుకి అవతలి పక్కన 403 నంబరులో ఓ చిన్న కొట్టుండేది. యజమాని శామ్యూల్ కర్టిస్ అపమ్. వెర్మాంట్‌లో పుట్టి, 1849లో బంగారం కోసం కాలిఫోర్నియా దాకా పోయి, తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. కాగితాలు, పత్రికలు, అత్తర్లు, జుట్టురంగు, మందులు అమ్మేవాడు. మన పాత బస్టాండు దగ్గర పుస్తకాల షాపూ ఫ్యాన్సీ షాపూ కలిసి ఉండేలాంటి కొట్టు.

1862 ఫిబ్రవరి 24న అతని కొట్లో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఎప్పుడూ లేనంత వేగంగా అమ్ముడైపోయింది. ఎందుకని కొనేవాళ్లనే అడిగాడు. మొదటి పేజీలో దక్షిణాది తిరుగుబాటు (కాన్ఫెడరేట్) రాష్ట్రాల ఐదు డాలర్ల నోటు బొమ్మ వేశారట. యుద్ధం మొదలై ఏడాది కూడా కాలేదు. శత్రువుల డబ్బు ఎలా ఉంటుందో చూడాలని ఉత్తరాది వాళ్లందరికీ కుతూహలం. అపమ్ నేరుగా పత్రికాఫీసుకు వెళ్లి, ఆ బొమ్మ పలకను కొనుక్కొచ్చి, మంచి కాగితం మీద మూడు వేల ప్రతులు తీయించి ఒక్కోటి ఒక సెంటుకు అమ్మాడు. అయిపోయాయి. మళ్లీ తీయించాడు. తర్వాత మిగతా నోట్ల అసలు ప్రతులు కావాలని, ధర ఇచ్చి కొంటానని పత్రికల్లో ప్రకటించాడు.

ప్రతి నోటు కింది అంచున అతనొక వరస చిన్న అక్షరాల్లో వేయించాడు. ఇది కాన్ఫెడరేట్ నోటుకు నకలు, టోకుగానూ చిల్లరగానూ ఫలానా అపమ్, 403 చెస్ట్‌నట్ స్ట్రీట్, ఫిలడెల్ఫియాలో అమ్మును, అని. నిజానికి అది ప్రకటన. జ్ఞాపికకు తోక తగిలించినట్టు కొట్టు చిరునామా. కానీ ఆ తోకను కత్తెరతో కత్తిరించేస్తే మిగిలేది? దక్షిణాది నోటే. ఉత్తరాది సిపాయిలూ పత్తి కొనడానికి దొంగచాటుగా సరిహద్దు దాటే వ్యాపారులూ సరిగ్గా ఆ పనే చేశారు. తోక కోసేసి ఆ నోట్లతో దక్షిణాది రైతుల దగ్గర కోళ్లూ గుడ్లూ పత్తీ కొన్నారు. 1862 ఆగస్టులో కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ తన కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో ఈ నకిలీ నోట్ల గురించి ప్రస్తావించాల్సి వచ్చింది. 1862 మార్చి నుంచి 1863 ఆగస్టు దాకా తాను 15 లక్షలకు పైగా నకళ్లు అచ్చేశానని అపమ్ తర్వాత స్వయంగా లెక్క చెప్పాడు.

ఈ మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న వాదన అమెరికాలో పాతనోట్లు సేకరించేవాళ్ల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. చిరునామా వేసి అమ్మాను కాబట్టి దొంగనోటు కాదన్నది అతని వాదన. ఆ చిరునామా ఎంత సులువుగా తెగిపోతుందో అతనికి తెలియదంటే నేను నమ్మలేను. నోటు మధ్యలో ఎర్రగా ముద్ర వేయించి ఉంటే ఎవరూ కత్తిరించలేరు కదా!

ఇక్కడ మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఈరోజు అపమ్ నోటు రెండు రకాలుగా దొరుకుతుంది, తోకతో, తోక లేకుండా. కింది అంచు చెక్కుచెదరకుండా, కొట్టు పేరు, తలుపు నంబరు స్పష్టంగా కనిపించే నోటుకే ఎక్కువ ధర. తోక తెగినదానికి తక్కువ. యుద్ధకాలంలో ఏ ముక్క పోతేనే నోటు 'చెల్లుబాటు' అయిందో, ఇప్పుడు ఆ ముక్క ఉంటేనే దానికి విలువ. ప్రకటన నోట్ల ధర ఎక్కడ ఉంటుందో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఖాళీ వీపు ఉన్న డబ్బు

వ్యాపారులకు నోటు వెనక ప్రకటన వేయాలన్న ఆలోచన అసలెలా వచ్చింది? ఎందుకంటే అది ఖాళీగా ఉండేది. 1863లో జాతీయ బ్యాంకుల చట్టం వచ్చేదాకా అమెరికాలో ఎక్కడికక్కడ రాష్ట్రాల అనుమతితో నడిచే బ్యాంకులే సొంత నోట్లు వేసుకునేవి. వేల రకాల నోట్లు. చాలావాటికి ముందువైపే అచ్చు, వెనక తెల్లకాగితం. ఒక బ్యాంకు మూతపడిందంటే దాని నోట్లు, ఇంకా సంతకాలు కూడా పడని నోట్ల షీట్లు, చిత్తుకాగితాల కింద పోయేవి. బట్టల కొట్టువాడో పళ్ల డాక్టరో వాటిని కొని వెనకవైపు తన ప్రకటన వేయించి పంచేవాడు. కరపత్రం ఇస్తే జనం అక్కడే పారేస్తారు. నోటు మాత్రం జేబులో పెట్టుకుంటారు, ఇంటికి తీసుకెళ్లి పిల్లలకు చూపిస్తారు. ఆ కిటుకు మీదే ఈ వ్యాపారమంతా నడిచింది.

తర్వాత తర్వాత ఏకంగా నోటు ధోరణిలోనే కొత్త బొమ్మలు చెక్కించుకోవడం మొదలైంది. బ్యాంకు పేరుండే చోట దుకాణం పేరు, అధ్యక్షుడి సంతకం ఉండే చోట యజమాని సంతకం, నోటు విలువ ఉండే చోట సరుకు మీద ఇచ్చే తగ్గింపు. వాణిజ్య విద్య నేర్పే కళాశాలలు తమ విద్యార్థులకు లెక్కలు నేర్పడానికి సొంత నోట్లు వేసుకున్నాయి. బ్రయంట్ అండ్ స్ట్రాటన్ కళాశాలల నోట్లు ఇప్పటికీ దొరుకుతుంటాయి. అవి ప్రకటనలు కావు కానీ అన్నదమ్ముల వరసే.

1862లో చిల్లర కరువొచ్చినప్పుడు జాన్ గాల్ట్ అనే ఆయన ఇంకో చిత్రమైన పని చేశాడు. తపాలా బిళ్లను గుండ్రటి ఇత్తడి బిళ్లలో పెట్టి, పైన అభ్రకం పలుచటి రేకు బిగించి, నాణెంలా తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు. వెనకున్న ఇత్తడి మీద వ్యాపారులకు ప్రకటన చోటు అమ్మాడు. అయర్ కంపెనీ వాళ్ల విరేచన మాత్రల ప్రకటనతో ఉన్నవి ఎక్కువ దొరుకుతాయి. అదే బిళ్ల, అదే ఇత్తడి, వెనక ఇంకెవరో చిన్న వ్యాపారి పేరుంటే ధర ఎన్నో రెట్లు. ముందున్న స్టాంపు ఒకటే అయినా వెనకున్న పేరును బట్టే కేటలాగుల్లో వేర్వేరు ధర రాస్తారు.

ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. ప్రభుత్వ నోట్లు, బాండ్ల పోలికలో వ్యాపార కార్డులు, ప్రకటనలు అచ్చు వేయకూడదని 1867లోనే చట్టం చేసింది. యుద్ధం ముగిశాక దక్షిణాది నోట్ల నకళ్ల వెనక ప్రకటనలు అంత విరివిగా రావడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది. చచ్చిపోయిన ప్రభుత్వం నోటుని అనుకరిస్తే అభ్యంతరం చెప్పేవాళ్లు ఎవరున్నారు? 1864 ఫిబ్రవరి 17 తేదీ ఉన్న కాన్ఫెడరేట్ నోట్ల నమూనాలు, వెనక మందులు, బూట్లు, పొగాకు ప్రకటనలు. మాస్టారి కవర్లో మూడో కాగితం ఈ జాతిదేనని ఆయన చెప్పిన పోలికల్ని బట్టి నాకు ఫోన్లోనే అనుమానం తగిలింది.

ఇలాంటివన్నీ ఒకచోట పేర్చి రాబర్ట్ వ్లాక్ 2001లో బొమ్మలతో ఓ కేటలాగు తెచ్చాడు. ఉత్తర అమెరికా తొలినాటి ప్రకటన నోట్లకు ఇప్పటికీ అదే ఆధారం. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ 'వ్లాక్ నంబరు ఎంత?' అనే అడుగుతారు.

ఉరితాడుతో వేసిన నోటు

అమెరికా కన్నా ముందే ఇంగ్లండులో ఈ ఆట మొదలైంది. యార్క్‌షైర్‌లోని నేర్స్‌బరో ఊళ్లో థామస్ హిల్ అనే నేతగాడు కొండను తొలిచి ఇల్లు కట్టుకున్నాడు. చూడ్డానికొచ్చేవాళ్లకి ఫోర్ట్ మాంటెగ్యూ బ్యాంకు పేరుతో నోట్లు ఇచ్చేవారు. తీరా చదివితే ఐదు పౌండ్లు కాదు, ఐదు అరపెన్నీలు. లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఎలిగెన్స్, బ్యాంక్ ఆఫ్ ఎన్‌గ్రేవింగ్ లాంటి పేర్లతో నోట్లొచ్చాయి. దూరం నుంచి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లాగే కనిపిస్తాయి. చదవడం రానివాళ్ల చేతుల్లో పెట్టి మోసం చేసిన కేసులు అక్కడి కోర్టులకెక్కాయి.

వీటన్నిట్లో నన్ను కదిలించేది మాత్రం 1819లో చిత్రకారుడు జార్జ్ క్రూక్‌షాంక్ గీసిన నోటు. అప్పట్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లకు బదులు బంగారం ఇవ్వడం ఆపేసి, ఒక పౌండు రెండు పౌండ్ల చిన్న నోట్లు వదిలింది. నకిలీ చేయడం తేలిక. నకిలీ నోటు మార్చినందుకు ఉరిశిక్ష. 1797 నుంచి 1821 వరకు 300 మందికి పైగా ఉరికంబం ఎక్కారు. ఎక్కువమంది నిరుపేదలు. కొందరికి తమ చేతిలో ఉన్నది నకిలీ అని కూడా తెలియదు. ఆ ఉరితీతలు కళ్లారా చూసిన క్రూక్‌షాంక్ ఓ నోటు గీశాడు. వరసగా వేలాడుతున్న మనుషులు, పిల్లల్ని మింగేస్తున్న బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకైన స్త్రీమూర్తి), పౌండు గుర్తుకు బదులు చుట్ట చుట్టిన ఉరితాడు, కింద తలారి సంతకం. ప్రచురణకర్త విలియం హోన్ తన దుకాణంలో దాన్ని పెడితే వీధిలో జనం గుమిగూడారు. ఇది సరుకు అమ్మే ప్రకటన కాదు. కానీ నోటు రూపాన్ని జనం ఎంత శ్రద్ధగా చూస్తారో తెలిసిన మనిషి, ఆ శ్రద్ధను ఒక అన్యాయం మీదికి తిప్పిన ప్రకటన.

దాని వారసుడు మన తెలుగులోనూ ఉన్నాడు. అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన సతీందర్ మోహన్ భగత్ 2001లో ఆలోచించిన సున్నా రూపాయి నోటును, 2007లో చెన్నైలోని ఫిఫ్త్ పిల్లర్ సంస్థ అచ్చేసి పంచడం మొదలుపెట్టింది. చూడ్డానికి యాభై రూపాయల నోటు. గాంధీగారి బొమ్మ. విలువ సున్నా. లంచం ఇవ్వను, పుచ్చుకోను అన్న ప్రమాణం. తమిళం, హిందీ, కన్నడం, మలయాళంతో పాటు తెలుగులోనూ వేశారు. మీ ఇంట్లో ఏ పాత ఫైల్లోనైనా అలాంటిది ఉంటే జాగ్రత్త చేయండి. దానికివాళ ధర లేకపోవచ్చు. రెండు తరాలు పోయాక తెలుగు ప్రతి కోసం వెతికేవాళ్లు ఉంటారని నా గట్టి నమ్మకం.

జర్మనీ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. 1923 నవంబరుకల్లా ఒక్క డాలరుకు నాలుగు లక్షల కోట్లకు పైగా మార్కులు. కొత్త మార్కు వచ్చాక పాతవి చిత్తుకాగితాలయ్యాయి. చాలావాటికి ఒకవైపే అచ్చు కాబట్టి కొట్లవాళ్లు వెనక ప్రకటనలు వేశారు. నాజీ పార్టీ వాళ్లు యూదుల మీద విషం కక్కే రాతలు అచ్చేసి పంచారు. ఆ రెండో రకాన్ని డబ్బు కోసం కొనడం నాకు మనస్కరించదు. మ్యూజియంలో ఉండాల్సిన సాక్ష్యాలవి.

భూతద్దం, వెలుగు, వేలికొస

ఇంతకీ చేతిలో ఉన్నది ఏమిటో తెలిసేదెలా? నేను మొదట కళ్లతో కాదు, వేలితో చూస్తాను. అసలైన పాతనోటు కాగితం గుడ్డపీలికల గుజ్జుతో చేసింది. బాగా వాడితే మెత్తబడి గుడ్డలాగే ఉంటుంది, చిటపటలాడదు. పసుపు తిరిగి, గరుగ్గా, మడిస్తే విరుగుతుందేమో అన్నట్టుండేది వయసును నటించే కాగితం. రంగు అంతటా ఒకేలా ఉన్నా అనుమానించాలి. నిజంగా పాతబడిన కాగితం అంచుల దగ్గర ఒక రంగు, మడతల్లో ఒక రంగు, మధ్యలో ఇంకో రంగు తిరుగుతుంది.

తర్వాత పది రెట్లు పెద్దది చేసే భూతద్దం. అక్షరాల అంచులు, బొమ్మలోని నీడలు చూడండి. రాగిపలక మీద చెక్కి తీసిన గీతలు సన్నగా, తెగకుండా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. నీడంతా చిన్నచిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది ఫొటో తీసి బ్లాకు చేసిన అచ్చు. 1880ల తర్వాతే ఆ పద్ధతి వాడుకలోకొచ్చింది. 1860 తేదీ ఉన్న కాగితం మీద చుక్కలుంటే ఆ తేదీ అబద్ధం.

దక్షిణాది నోట్లకైతే సిరా చాలు. రిచ్‌మండ్‌లోని ఖజానా కార్యాలయంలో గుమస్తాలు, వాళ్లలో చాలామంది ఆడవాళ్లు, ఒక్కో నోటు మీదా చేత్తో సంతకాలు చేసేవాళ్లు. యాభై సెంట్ల నోటొక్కటే మినహాయింపు. చేతిరాత సిరా కాలం గడిచేకొద్దీ గోధుమరంగు తిరిగి, కాగితాన్ని తినేస్తూ వెనక్కి దిగుతుంది. నకళ్లలో సంతకం కూడా అచ్చే, బొమ్మ ఎంత నల్లగా ఉంటే అదీ అంతే నల్లగా ఉంటుంది. ఇక అతినీలలోహిత కాంతి టార్చి, బ్యాంకుల్లో నోట్లు చూసేది, చీకటిగదిలో వేయండి. కాగితం నీలంగా మెరిసిపోతే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉన్నట్టు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాగితాల్లోనే అది మామూలైంది.

ఇదంతా నకలా కాదా తేల్చుకోడానికి. ప్రకటన నోటు విషయంలో నకలు అని తేలిపోవడం కథకు మొదలు మాత్రమే. అప్పుడు తిప్పి వెనక చూడాలి. వీధి పేరు, తలుపు నంబరు, సరుకు, ధర, ప్రెస్సు పేరు. ఫోన్ నంబరుందా? గ్రాహం బెల్‌కు పేటెంటు వచ్చింది 1876లో, కాబట్టి అంతకు తర్వాతిదే. ఐదంకెల జిప్ కోడ్ ఉందా? 1963 జులై తర్వాతది. అమెరికా జాతీయ గ్రంథాలయం తన పాత పత్రికల్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. దుకాణం పేరు కొట్టి వెతికితే, ఏ ఏళ్లలో ఆ వీధిలో ఉందో, ఎప్పుడు కాలిపోయిందో, ఎవరు కొనుక్కున్నారో దొరికిపోతుంది. కాపీ అన్న ముద్ర ఉంటే, నకలు నోట్ల మీద ఆ మాట తప్పనిసరి చేసిన 1973 చట్టం తర్వాతది అయ్యుండొచ్చు. 1954లో చీరియోస్ అల్పాహారం అట్టపెట్టెలతో పాటు పిల్లలకిచ్చిన కాన్ఫెడరేట్ నకళ్లు అంతకు ముందువి. నకళ్లే అయినా వాటిని కొనేవాళ్లు ఉన్నారు, కారణం పంచినవాళ్లెవరో తెలియడమే.

ఇదే చూపుతో మన ఇళ్లలోని పాత కరపత్రాలనూ చదవొచ్చు. నోటు వేషంలో ఉన్నవైనా, మామూలువైనా. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుదో, ఆ చుట్టుపక్కలదో. నయాపైసలు అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. బెజవాడ, కోకనాడ, హైదరాబాద్ దక్కన్ అన్న పేర్లు, మద్రాసు రాష్ట్రం అన్న మాట, ఎం.ఎస్.ఎం. రైల్వే అన్న గుర్తు, అన్నీ గడియారాలే. మా తాతగారి ట్రంకుపెట్టెలో అడుగున పరిచిన ఓ మందుల కరపత్రం వయసు నేను అలాగే పట్టుకున్నాను. ధర దగ్గర 'ణా' అన్న ఒక్క అక్షరం నాకు దారి చూపింది.

ధర ఎవరు చెబుతారు

ఇక అందరూ అడిగే ప్రశ్న. ఎంతొస్తుంది?

చిటపటలాడే 8894కి నిజాయితీగా చెప్పాలంటే చాయ్ డబ్బులు. సాధారణంగా దొరికే ప్రకటన నోట్లు అమెరికాలో కొద్ది డాలర్ల నుంచి కొన్ని పదుల డాలర్ల దాకా పలుకుతాయి. అంచు మిగిలిన మంచి అపమ్ నోటూ, ఒకటి రెండు ప్రతులే తెలిసిన దుకాణాల నోట్లూ వందల్లోకి వెళ్తాయి. ఏది ఎటు పోతుందో నిర్ణయించేది ఎంతమంది దానికోసం పోటీ పడతారన్నదే. మందుల ప్రకటన అయితే నోట్లు సేకరించేవాళ్లతో పాటు పాత మందుసీసాలు సేకరించేవాళ్లూ వస్తారు. కుట్టుమిషన్, సర్కస్, రైలు, పళ్ల డాక్టరు, ఒక్కోదానికీ ఒక్కో గుంపుంది. అన్నిటికన్నా గట్టిగా నిలబడి కొనేది ఆ ఊరివాళ్లు. తాతల నాటి తమ వీధి కొట్టు పేరు కాగితం మీద చూసిన మనిషి బేరమాడడు.

ధర తెలుసుకోవాలంటే అమ్మేవాడు అడుగుతున్న ధర చూడొద్దు. వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. నోటును ఇస్త్రీ చేయొద్దు, టేపు అంటించొద్దు, లామినేషన్ చేయించొద్దు, రబ్బరుతో చెరపొద్దు. ప్లాస్టిక్ కవర్లలో పీవీసీవి కాలక్రమంలో జిగురుగా మారి అచ్చును లాగేస్తాయి. పాలియెస్టర్ కవర్లు అడిగి తెచ్చుకోండి.

ఇంకో మాట చాలా గట్టిగా చెప్పాలి. పాత నోటు కొంటాం, లక్షలిస్తాం అంటూ ఫోన్లలో తిరిగే సందేశాలకు మన ఊళ్లలో ఎంతోమంది ఫీజులు, పన్నుల పేరుతో డబ్బు కట్టి పోగొట్టుకున్నారు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటున్నారు. తాము అలాంటి లావాదేవీలు చేయబోమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటన ఇచ్చింది. కొనేవాడు మీకు డబ్బివ్వాలి కానీ, మీ దగ్గర ముందు తీసుకోవడం ఏమిటి?

మన చట్టమూ తెలిసుండాలి. నోటును పోలి, మోసగించేలా ఉండే కాగితాన్ని తయారుచేసినా, వాడినా, ఇంకొకరికి అందించినా తప్పే. దీన్ని 1943లో భారత శిక్షాస్మృతికి 489ఇ సెక్షన్‌గా చేర్చారు. జరిమానా వంద రూపాయల దాకా. 80 ఏళ్లు అదే వంద. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 182వ సెక్షన్ అయింది, జరిమానా మూడొందల దాకా. 2017 ఫిబ్రవరిలో దిల్లీ సంగం విహార్‌లో ఏటీఎం నుంచి 'చిల్డ్రన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా' అని రాసున్న రెండు వేల నోట్లు వచ్చినప్పుడు, ఈ ఆటకాగితాలు ఎంతదూరం పోగలవో దేశమంతా చూసింది. ఆ సెక్షన్లోనే ఒక ముఖ్యమైన వాక్యం ఉంది. కాగితం మీద ఎవరి పేరుంటే, వేరేగా రుజువయ్యేదాకా, వాళ్లే దాన్ని తయారు చేయించారని అనుకోవచ్చు అని. పోలీసు అయినా, పాతనోట్లు సేకరించేవాడైనా మొదట వెతికేది పేరునే.

ఆదివారం పొద్దున్నే మాస్టారు ఫోన్ చేశారు. వెలుతురు బాగుందని వరండాలో కూర్చున్నారట.

"వెనక్కి తిప్పండి. పై నుంచి ఒక్కో అక్షరం చదవండి" అన్నాను.

ఆయన పాఠం చదివినట్టే చదివారు. బూట్లు, చెప్పులు. మరమ్మతులు చేయబడును. ఒక ఇంటిపేరు, పక్కన 'అండ్ సన్స్'. పెన్సిల్వేనియాలో నేనెప్పుడూ వినని ఊరు. వీధి, తలుపు నంబరు.

"ఫోన్ నంబరేదైనా..."

"లేదు." ఒక్క క్షణం ఆగి, ఆయనే అన్నారు. "అంటే ఆ కొట్టుకి ఇంకా ఫోన్ రాలేదన్నమాట."

"అయ్యుండొచ్చు మాస్టారూ."

"అడుగున పెన్సిల్‌తో ఏదో ఉందయ్యా. రెండంకెలు ఒకదాని కింద ఒకటి, కింద గీత, మొత్తం. ఎవరో కూడుకున్నారు." భూతద్దం దగ్గరికి లాక్కున్నట్టున్నారు, గొంతు దూరమైంది. "బూట్ల లెక్కే అయ్యుంటుందంటావా? మరకలా ఉంది, రబ్బరుతో తుడిచెయ్యనా?"

"వద్దండీ" అన్నాను. "అలాగే ఉండనివ్వండి."